చుక్కల లెక్క

మోహనా కొండల నుంచి ఐసు పెట్టెలో
నలభై ఒక్క గొట్టాల నెత్తురు దిగింది.
చేపలనుకుని కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు.
నేను వాదించలేదు.

బరంపురం మెడికల్ కాలేజీ, మూడో అంతస్తు.
రాత్రి ఎనిమిదికి గోపాల్‌పూర్ ఉప్పుగాలి వస్తుంది
డ్యూటీ ఎక్కడానికి వచ్చినట్టు.
సెంట్రిఫ్యూజ్ తిరిగి తిరిగి ఆగాక
అడుగున ఎరుపు, పైన ఎండుగడ్డి రంగు నీరు,
నడుమ మబ్బుతునకంత తెల్లటి తెర.
నాకు కావలసిందల్లా ఆ తెర.
ఊపిరి బిగబట్టి పిపెట్‌తో లాగుతాను,
నిద్రపోతున్న పిల్ల కింద నుంచి దుప్పటి లాగినట్టు.

నీలిరంగు కలిపి మైక్రోస్కోపు కింద పెడితే
చచ్చిన కణం రంగు తాగేస్తుంది,
బతికున్నది తాగదు.
ఇంత చిన్న మొండితనం చాలు
ఎవరున్నారో ఎవరు లేరో తెలియడానికి.

పందొమ్మిదో నంబరు ఎస్తేరు రయితా.
వేలిముద్ర వేసి, సిరా పైటకి తుడుచుకుంటూ ఏదో అడిగింది.
సవర మాట ఒరియా మెట్లు దిగి
నా తెలుగు గుమ్మానికి చేరేసరికి ఇంతే మిగిలింది:
"జొరం పోయింది కదా, ఇంకా ఏటి వెతుకుతావు?"
జ్వరాన్ని చూసి గుర్తుపెట్టుకున్న కణాల్ని, అన్నాను.
"చూసినదాన్ని నేను. నన్నడుగు."
ఆ జవాబు రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.

తొంభై ఆరు గుంటల ప్లేటు,
గుంతపునుగుల పెనానికి ముని మనవరాలు.
ప్రతి గుంట అడుగునా మలేరియా ప్రొటీను పూత.
ఆరు రోజులు మేపిన కణాల్ని దాని మీద వదిలి
ఇంక్యుబేటరు మూసి చీటీ అంటిస్తాను:
తెరవద్దు. మూడు భాషల్లో.
రాత్రంతా కదపకూడదు.
ఆ జ్వరాన్ని ఎరిగిన కణం కూర్చున్న చోటే
యాంటీబాడీలు వదులుతూ ఉంటుంది.
తెల్లారి కణాల్ని కడిగేసినా
అది కూర్చున్న చోట ఒక చుక్క మిగులుతుంది.
పట్టపగలు చుక్కలు లెక్కపెట్టే ఉద్యోగం నాది.

చివరి గుంట కంట్రోలు.
జ్వరం సంగతే తెలియని నెత్తురు కావాలి దానికి.
పాణిగ్రాహి మేడం నా వైపు చూశారు:
"దమయంతీ, నువ్వెప్పుడూ బరంపురం దాటలేదు కదా?"
చెయ్యి చాపాను.
ఏమీ లేనిదాన్ని పక్కన పెడితేనే
ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది.

ఎస్తేరు గుంటలో నూట ఇరవై ఆరు.
నా గుంటకి సున్నా చుట్టబోయి పెన్ను ఆగింది.
పదకొండు.
సరిగ్గా కడగలేదేమో.
మళ్ళీ నెత్తురు, మళ్ళీ ఆరు రోజులు, కొత్త ప్లేటు.
పదమూడు.

మేనత్తకి ఫోను చేశాను.
అవతల కాసేపు టీవీ ఒక్కటే మాట్లాడింది.
"నీకు ఏడాదిన్నర. మీ నాన్న ఆర్. ఉదయగిరిలో
రోడ్డు పని మేస్త్రీ. వానాకాలమంతా కొండమీదే.
ఒకేసారి పడ్డారు, నువ్వూ మీ అన్నా.
నువ్వు లేచావు."
ఏ అన్న, అని నేను అడగలేదు.
ఆమె చెప్పనూ లేదు.
అప్పడాలు ఎండాయా లేదా అని
ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

నన్ను కంట్రోలు నుంచి తీసేశారు.
నెత్తురు సిమ్లా నుంచి తెప్పిస్తారట.
నా ప్లేటు ఎర్ర సంచీలో వేయాలి, రూలు.
వేసేముందు ట్యూబులైటుకి ఎత్తి చూశాను.
వాడి పేరు కూడా నాకు తెలియదు.
వాణ్ణి తీసుకుపోయినదాని ముక్కూ మొహం
ముప్పై మూడేళ్ళుగా వీటికి తెలుసు.
ఒక్కటీ నాతో అనలేదు.

సోమవారం మళ్ళీ మోహనా బస్సు.
ఫారం అడుగున స్కేలు పెట్టి
పెద్ద గడి ఒకటి గీశాను.
దాని మీద ఏ మాట రాయాలో
ఇంకా తోచలేదు.